గేజి రీడర్‌కి నేనిచ్చిన తొమ్మిది మెమోలు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఈమధ్య ఎక్కడ కనబడినా ఒకటే అడుగుతున్నారు. కృత్రిమ మేధ వచ్చేసింది కదా సార్, మా పనులు మాకు మిగులుతాయా అని. నాకు తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళు నీళ్ళూ గేట్లూ సిమెంటూ చూసుకుని రిటైరైనవాణ్ణి, కంప్యూటర్ల భవిష్యత్తు నేనేం చెబుతాను? కాకపోతే యంత్రం మనిషి పని తీసుకోవడానికి ముందు మరొకటి జరుగుతుంది. మనిషి అదే చోట కూర్చుంటాడు, అదే రిజిస్టరు రాస్తాడు, కానీ తన కళ్ళతో చూసింది చెప్పడం మానేస్తాడు. మానేసేలా పైనున్న మనమే చేస్తాం. నా సర్వీసులో ఒకసారి అలా జరిగింది, నా సంతకంతోనే జరిగింది. అది చెబుతాను.

తొంభైల చివర్లో నన్ను ఏజెన్సీలో ఒక చిన్న డ్యాం మీద అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. అరకు నుంచి జీపులో మూడు గంటలు లోపలికి పోవాలి. మాది బొబ్బిలి వైపు, వ్యవసాయ కుటుంబం. కొండల్లోకి పోస్టింగు అనగానే ఇంట్లోవాళ్ళు మలేరియా మాత్రలూ దుప్పట్లూ కట్టి పంపారు. అయిదు గేట్లున్న డ్యాం. మధ్యలో రాతికట్టు, రెండు పక్కలా మట్టికట్ట. గేట్లు ఎత్తితే తప్ప కింద ఏటిలో నీళ్ళుండవు. అందుకని డ్యాంకి మైలు దిగువన, ఏటి మధ్యలోని ఇసుక మీదే ప్రతి బుధవారం సంత జరిగేది. ఒక ఒడ్డున రోడ్డు, రెండో ఒడ్డున ఊళ్ళు. పసుపు, పనసకాయలు, కోళ్ళు, కొండచీపుర్లు, బట్టలు, అల్యూమినియం గిన్నెలు అన్నీ ఏటి బండల మధ్యే పరిచేవారు.

డ్యాంకి ఎగువన, దాదాపు తొమ్మిది మైళ్ళలో, ఏటి ఒడ్డున రాతిమెట్లు కట్టి ఒక కొలత పలక పాతారు. అడుగులూ అంగుళాలూ రాసిన పలక. దాన్నే గేజి అంటాం. వానాకాలంలో గంటగంటకీ దాన్ని చూసి, నీళ్ళు ఎంత ఎత్తులో పారుతున్నాయో వైర్‌లెస్ సెట్టులో మాకు చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. అతనే గేజి రీడర్. అక్కడ నీళ్ళు పెరిగితే సుమారు రెండు గంటల్లో ఆ వరద మా దగ్గరికొస్తుంది. ఆ రెండు గంటలే మాకున్న వ్యవధి. అందులో ఒక గంట కింద సంతవాళ్ళనీ, ఏరు దాటేవాళ్ళనీ హెచ్చరించడానికి.

ఆ రీడర్ ఆ కొండల మనిషే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. యాభైకి దగ్గర పడ్డాడు. అయిదో తరగతి చదివాడు. డ్యాం సర్వే రోజుల్లో గొలుసులు మోసే కూలీగా వచ్చి, ఇరవై ఏళ్ళుగా ఆ పలక దగ్గరే ఉన్నాడు. అంకె చెప్పి ఊరుకునేవాడు కాదు. "అయిదడుగుల మూడంగుళాలు సారూ. నీరు ఎర్రగా ఉన్నాది. నురగ వత్తన్నాది" అనేవాడు. ఇంకోసారి "పైన కొండ కనపడతం లేదు సారూ" అనేవాడు. పైన వాన జోరు తెలిపే ఆ గుర్తులన్నీ రిజిస్టరులో చివరి గడిలో రాసుకునేవాళ్ళం. నేను చేరిన మొదటి వానాకాలంలో ఆ గడి చూసే సగం నిర్ణయాలు తీసుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాకు యంత్రం వచ్చింది. పైన ఆ పలకకి వంద గజాల దిగువన ఏటిలోకి ఒక పైపు దింపి, దాని చివర నీటి ఒత్తిడిని కొలిచే సెన్సర్ పెట్టారు. ఒడ్డున సోలార్ పలక, బ్యాటరీ, చిన్న టవరు. పదిహేను నిమిషాలకోసారి నీటిమట్టం మా కంట్రోల్ రూములోని కంప్యూటర్లో పడేది. ఆ కంప్యూటర్ కోసం ఏసీ పెట్టారు. డ్యాం మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే కాబట్టి మాకందరికీ ఏదో ఒక పనిమీద అక్కడికి పోబుద్ధేసేది. ఆపరేటరుగా విజయనగరం నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నెమ్మదస్తురాలు. కంప్యూటర్లో నీటి రంగుకీ నురగకీ గడి లేదు. నెల తిరక్కుండానే మేం కూడా అవి రాయడం మానేశాం.

రెండేళ్ళపాటు యంత్రం, మనిషి రెండూ సమాంతరంగా నడవాలని పైనుంచి ఉత్తర్వు. రెండు రీడింగులూ పక్కపక్కన రాయాలి. తేడా మూడంగుళాలు దాటితే రీడర్ నుంచి సంజాయిషీ తీసుకోవాలి. ఆ ఉత్తర్వు చదివినప్పుడు నాకు ఏమీ తప్పనిపించలేదు. తేడా వస్తే సంజాయిషీ ఇచ్చేది మనిషే అని ముందే తేల్చేశారని అప్పుడు తట్టలేదు.

మొదటి వానలకే తేడా వచ్చింది. యంత్రం నాలుగడుగులంటే, అతను నాలుగడుగుల ఏడంగుళాలన్నాడు. మెమో రాశాను. "మీరు విధినిర్వహణలో అజాగ్రత్తగా ఉన్నందున..." అని మొదలయ్యే అచ్చు నమూనా ఒకటి మా ఆఫీసులో ఉండేది. అందులో ఖాళీలు నింపి పంపించాను. మూడోరోజు అతను ఆ కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు.

"ఏటి సారూ ఇది?"

"నీ రీడింగుకీ మిషను రీడింగుకీ తేడా వచ్చింది. ఎందుకొచ్చిందో రాసివ్వాలి."

"మిషను కిందన ఉన్నాది కదా సారూ. నా పలక కాడ ఏరు ఇరుకు. నీరు ఎగదన్నుతాది. మిషను కాడ ఏరు ఎడల్పు. అక్కడ అంత ఎత్తు లెగదు."

"వంద గజాల్లో నీళ్ళు మారిపోతాయా?" అన్నాను.

అతను ఆ కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరుకు దగ్గర నీరు ఎక్కువ ఎత్తు లేస్తుందనీ, వెడల్పు దగ్గర తక్కువ లేస్తుందనీ ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నాకు పాఠం చెప్పారు. పరీక్షలో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అయిదో తరగతి చదివినవాడు నా ఎదురుగా నిలబడి అదే పాఠం చెబితే తలకెక్కలేదు. కంప్యూటర్ తెరమీద అంకె దశాంశ స్థానాలతో సహా కనబడుతోంది మరి.

రెండో మెమో, మూడో మెమో పంపాను. నాలుగో మెమో తర్వాత, వయసు మీద పడుతోంది కదా, చూపు తగ్గిందేమోనని కంటి పరీక్షకి పంపించాను. దయతోనే పంపాననుకున్నాను. డాక్టరు దూరపుచూపు బాగుందని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం ఫైల్లో పెట్టించాను తప్ప, అది ఏం చెబుతోందో ఆలోచించలేదు. కళ్ళు బాగున్నప్పుడు అంకె ఎందుకు తప్పవుతుందని ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

తొమ్మిదో మెమోలో, మరోసారి ఇలా జరిగితే ఉద్యోగం నుంచి తొలగించాల్సి వస్తుందని రాశాను. ఆ తర్వాత తేడా రావడం ఆగిపోయింది. ఆగిపోయిందంటే పూర్తిగా. ఒక అంగుళం, మహా అయితే రెండు. నేను సంబరపడ్డాను. నెలవారీ నివేదికలో "మానవ తప్పిదం గణనీయంగా తగ్గినది" అని రాసి పంపాను. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆయన కింద మైదానంలో ఉండేవారు. చెడ్డవారు కాదు, కానీ ఏ విషయమైనా అంకెల్లో చెబితేనే వినేవారు.

రెండో ఏడు వానాకాలం చివర్లో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. నాలుగో రోజు బుధవారం. పొద్దున్నకి మా దగ్గర వాన తెరిపిచ్చింది. సంతకి జనం ఎప్పటిలా దిగారని జీపు డ్రైవరు వచ్చి చెప్పాడు. పైగేజి రీడింగు చూశాను. యంత్రం ఆరడుగుల నాలుగంగుళాలు. రీడర్ చెప్పింది ఆరడుగుల అయిదంగుళాలు. నిన్న సాయంత్రం నుంచీ దాదాపు అదే. ఏరు నిలకడగా ఉంది, ఇక తగ్గుముఖం పడుతుందనుకున్నాను.

తొమ్మిది గంటలకి మా గేట్ల మేస్త్రీ వచ్చాడు. సాలూరు మనిషి, డ్యాం కట్టినప్పటి నుంచీ ఉన్నవాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"బాబూ, నీరు బేగి లెగుత్తన్నాది. పచ్చి మానులు కొట్టుకొస్తన్నాయి. ఆకులు కూడా వాడలేదు."

బయటికెళ్ళి చూశాను. జలాశయంలో ఎర్రటి నీళ్ళ మీద వేళ్ళతో సహా పెకిలిన చెట్లు తేలుతున్నాయి. డ్యాం రాతిగోడ మీద గీసిన కొలత చూశాను. గంటలో ఎనిమిది అంగుళాలు పెరిగింది. లోపలికొచ్చి లెక్క వేశాను. పైగేజిలో ఆరడుగుల నాలుగంగుళాలు పారుతుంటే మా దగ్గర గంటకి మూడంగుళాలకి మించి పెరగకూడదు. ఇంకోసారి వేశాను. అదే వచ్చింది. మధ్యలో చిన్న వాగులేవైనా పొంగాయేమో అనుకున్నాను. తొమ్మిదిన్నరకి మళ్ళీ గోడ దగ్గరికి పోయాను. అరగంటలో ఆరంగుళాలు లేచింది. మట్టికట్ట పైఅంచుకీ నీటికీ మధ్య మూడడుగుల లోపే మిగిలింది. మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లితే అది నిలవదు. అది పోతే సంతే కాదు, దిగువ నాలుగు ఊళ్ళు పోతాయి.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి ఫోన్ చేశాను. లైను దొరకడమే గొప్ప.

"సార్, ఇక్కడ మట్టం లెక్కకి మించి పెరుగుతోంది. గేట్లు ఎత్తాలేమో."

"పైగేజి మిషను ఎంత చూపిస్తోంది?"

"ఆరు నాలుగు సార్."

"రీడరు?"

"ఆరు అయిదు."

"రెండూ ఒకటే చెబుతుంటే నీకెందుకయ్యా అనుమానం? సంతరోజు గేట్లెత్తి ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు జవాబుదారీ? చూసుకుని నడుచుకో."

ఫోన్ పెట్టేశాను. ఆయన చెప్పిన దాంట్లో తప్పు పట్టుకోవడానికి నాకేమీ కనబడలేదు. సాక్షులు ఇద్దరు. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. అబద్ధం చెబుతున్నది ఎదురుగా కనబడుతున్న ఏరా? పది గంటలైంది. డ్యాం మీద సైరన్ మోగింది. అదీ కంప్యూటర్‌కే కలిపారు, రోజూ పదింటికి పరీక్షకోసం దానంతటదే మోగుతుంది. ఆ మోత ఆగేదాకా ఆగి వైర్‌లెస్ నేనే తీసుకున్నాను. మామూలుగా ఆపరేటరు మాట్లాడేది. ఆమె నా పక్కనే కుర్చీలో ఉంది.

"పైగేజి, పైగేజి. నీళ్ళు ఎంత ఉన్నాయి?"

గరగర వినబడింది. తర్వాత అతని గొంతు. "మిషను ఎంత సెప్తన్నాది సారూ?"

నాకు అర్థం కావడానికి కొన్ని క్షణాలు పట్టింది. పక్కకి చూశాను. ఆపరేటరు తల దించేసుకుంది. అన్ని నెలల రిజిస్టరు, పక్కపక్కన పేర్చిన ఆ అందమైన అంకెలు, నేను రాసిన నివేదికలు, అన్నీ ఒక్క ప్రశ్నతో కూలిపోయాయి. అతను ముందు మిషను అంకె అడిగి, దానికి ఒక అంగుళం అటో ఇటో చేసి చెబుతున్నాడు. నా దగ్గరున్నది ఇద్దరు సాక్షులు కాదు, ఒక్కడే.

"మిషను సంగతి వదిలేయ్. నువ్వు చూసింది చెప్పు."

"నాను సూసింది సెప్పమంటారా?"

"చెప్పు."

"మళ్ళీ కాయితం పంపుతారేటి?"

"పంపను. చెప్పు బాబూ."

"పలక ములిగిపోనాది సారూ. ఎనిమిదిన్నరకే ములిగిపోనాది. మెట్లు కూడా లేవు. నాను పైన పనసచెట్టు కాడ నిలబడి మాటాడతన్నాను. ఇక్కడికీ వచ్చీసినాది."

పలక మీద చివరి గీత పన్నెండు అడుగులు. అది మునిగిందంటే దాని పైన ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఎనిమిదిన్నరకే మునిగిందంటే ఆ వరద పదిన్నరకి మా దగ్గరుంటుంది. గోడమీది గడియారం పదీ ఆరు చూపిస్తోంది.

సైరన్ మీట నేనే నొక్కాను. మళ్ళీ ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు. అడిగితే మిషను ఎంత చూపిస్తోందని అడుగుతారని తెలుసు. మేస్త్రీని గేట్ల దగ్గర నిలబడమన్నాను. సంతకి జీపు పంపాలి. డ్రైవరు ఒక్కడు పోతే చాలడు. నేను గేట్లు వదిలి కదలకూడదు. ఆపరేటరు లేచి నిలబడింది.

"నేను వెళ్తాను సార్."

"వాళ్ళకి తెలుగు సగమే అర్థమవుతుంది అమ్మా."

"నేనే చెప్పాను సార్ అతనికి అంకెలు. అడిగినప్పుడల్లా చెప్పాను. మళ్ళీ మెమో వస్తుందని పాపం అనిపించి..." అని ఆగిపోయింది. చేతి వైర్‌లెస్ తీసుకుని జీపు వైపు పరిగెత్తింది.

తర్వాత సంతలో ఏం జరిగిందో డ్రైవరు చెప్పగా విన్నాను. రోజూ మోగే సైరనే కాబట్టి ఎవరూ తల ఎత్తలేదట. ఈవేళ రెండోసారి కూసిందేటి అని నవ్వుకున్నారట. జీపు మైకులో డ్రైవరు అరిచాడు. నెత్తిమీద ఎండ వస్తోంది, ఏటిలో చీలమండ లోతు నీళ్ళు లేవు, ఎవరు నమ్ముతారు? ఆమె జీపు దిగి ఇసుకలోకి పోయింది. రెండు నిమిషాలు బతిమాలింది. తర్వాత ఒక ముసలమ్మ ముందున్న కోళ్ళ గంప ఎత్తి నెత్తిన పెట్టుకుని ఒడ్డువైపు పరుగెత్తింది. ముసలమ్మ తిడుతూ వెనక పడింది. ఒడ్డున గంప దించి, మళ్ళీ కిందికి దిగి, బట్టల మూట లాక్కుని పరుగెత్తింది. డ్రైవరు గిన్నెల బస్తా ఈడ్చుకుపోయాడు. దొంగలు దొంగలని జనం వెంటబడ్డారు. ఒడ్డెక్కినవాళ్ళలో ఒకడు ఎగువన డ్యాం వైపు చూసి, గేట్లు ఎత్తబోతున్నారని, అందుకే ఆమె ఇలా చేస్తోందని గ్రహించి వాళ్ళ భాషలో కేక పెట్టాడు. అప్పుడు కదిలింది సంత.

ఇవేవీ నాకప్పుడు తెలియవు. గోడమీది గీత ఒక్కటే తెలుసు. పదీ ముప్ఫైకి అడుగున్నర మిగిలింది. పదీ నలభైకి అడుగు. నీళ్ళ చప్పుడు మారింది. ఎగువనుంచి గోధుమరంగు గోడలాంటిదొకటి జలాశయం అంచు దాటి లోపలికి రావడం కళ్ళతో చూశాను. మేస్త్రీ గేటు మీట మీద చెయ్యేసి నావైపే చూస్తున్నాడు.

"బాబూ, ఇంక ఆగితే కట్ట ఆగదు."

వైర్‌లెస్‌లో అడిగాను. "అమ్మా, ఎంతమంది ఉన్నారింకా?"

"అవతలి ఒడ్డువాళ్ళు ఎక్కుతున్నారు సార్. పది నిమిషాలు ఆగండి."

"అయిదు."

"సార్, పది..."

"అయిదే అమ్మా."

అంత పొడుగైన అయిదు నిమిషాలు నా జన్మలో లేవు. ఎనిమిదంగుళాలు. ఆరంగుళాలు. గాలికి అల వచ్చి మట్టికట్ట అంచు మీద తడి మరక వేసి పోయింది. నేను చెయ్యెత్తాను. మొదటి గేటు అడుగు లేచింది. గేటు ఎత్తాక నీళ్ళు సంత దగ్గరికి చేరడానికి పది నిమిషాలు పడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. పదకొండు కావస్తుండగా వైర్‌లెస్ మోగింది. "అందరూ ఎక్కేశారు సార్." ఆమె రొప్పుతోంది. మిగతా నాలుగు గేట్లూ ఎత్తించాను.

అందరూ ఎక్కలేదు. ఏటి మధ్యలో పెద్ద బండ చాటున, తాటాకులతో అల్లిన గొడుగులాంటి గిడుగు నెత్తిన బోర్లించుకుని, చీపుర్లు అమ్ముకునే ముసలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. వినికిడి లేదు. అవతలి ఒడ్డువాళ్ళు చూసి కేకలేసేసరికి నీళ్ళు బండ చుట్టూ వచ్చేశాయి. నలుగురు తాడు విసిరారు. అతను తాడు పట్టుకున్నాడట కూడా. రెండు రోజుల తర్వాత దిగువన దొరికాడు. అతని పేరు నేను కాగితాల మీదే చూశాను.

కట్ట నిలిచింది. ఊళ్ళు నిలిచాయి. ఆ ఒక్క ముసలాయన పోయాడు. రాత్రికి గేట్లు దించించాను. వారం తర్వాత సెన్సర్ పైపు బయటికి తీస్తే దాని మూతి బురదతో గట్టిగా బిగుసుకుపోయి ఉంది. లోపల చిక్కుకున్న నీళ్ళనే ముందురోజు సాయంత్రం నుంచీ కొలుస్తూ, ఆరడుగుల నాలుగంగుళాలని నమ్మకంగా చెబుతూ వచ్చింది.

విచారణ మా ఇన్‌స్పెక్షన్ బంగళాలోనే పెట్టారు. పైనుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. ముందుగా రీడర్ని పిలిచారు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూడకుండా రీడింగు ఎందుకు చెప్పావు?"

"సూసినాను సారూ. సూసింది సెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

అతను నావైపు చూడలేదు. "నాదే తప్పు సారూ" అన్నాడు. మూడుసార్లు మూడు రకాలుగా అడిగారు. మూడుసార్లూ అదే జవాబు. నా మెమోల మాట, కంటి పరీక్ష మాట, ఆపరేటరమ్మ మాట ఒక్కటీ ఎత్తలేదు. ఆయన రాసుకున్నారు. నేను అదే గదిలో, గోడవారన కుర్చీలో కూర్చుని ఉన్నాను. మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. ఇది దాచితే ఈ జ్ఞాపకం రాయడమే దండగ.

మధ్యాహ్నం భోజనాలకి లేచాం. వరండా మెట్ల మీద అతను ఒక్కడూ కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న రాగి సంకటి తింటున్నాడు. నేను పక్కనుంచి పోతుంటే, ఎంగిలి చేత్తోనే గబుక్కున లేచి నిలబడ్డాడు. సారొచ్చాడని. నేను అన్నం దాకా వెళ్ళలేకపోయాను. ఆఫీసుకి పోయి బీరువాలోంచి ఫైలు తీశాను.

భోజనాలయ్యాక తొమ్మిది మెమోల నకళ్ళూ, డాక్టరిచ్చిన కాగితమూ ఆ అధికారి బల్లమీద పెట్టాను.

"ఇవి మేం అడగలేదు కదా?" అన్నారాయన.

"అడగలేదు సార్. ఇతను మొదటి మెమోకే సరైన కారణం చెప్పాడు. రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తు లేవవని. నేను వినలేదు. తొమ్మిదిసార్లు భయపెట్టి, చూసింది చెప్పకుండా నేర్పించాను. తప్పు రాయాలంటే ముందు నాది రాయండి."

రీడర్ తల వంచుకుని నేల చూస్తున్నాడు. అధికారి ఆ కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. చివరికి, "నువ్వు రాసిన నమూనా మా ఆఫీసు నుంచి వచ్చిందే" అని మెల్లగా అని, ఆ మాట మాత్రం రాయించలేదు.

అతన్ని హెచ్చరికతో వదిలేశారు. ఆపరేటరమ్మ పేరు కాగితాల్లోకి రాకుండా చూడగలిగాను, అంతవరకే. ఆమె ఏడాది తర్వాత మానేసింది. సంతలో చీపుర్లవాణ్ణి చూడలేదే అని చివరిదాకా అంటూనే ఉండేది. నన్ను మైదానంలో ఒక డిజైన్ల ఆఫీసుకి మార్చారు. ప్రమోషన్ వెనకపడింది. పోయేముందు కంట్రోల్ రూములో ఒక పద్ధతి పెట్టించాను. మనిషి రీడింగు రాసి సంతకం అయ్యేదాకా కంప్యూటర్ తెర మీద అట్టముక్క కప్పి ఉంచాలి. రెండేళ్ళు నడిచిందని విన్నాను. తర్వాత రెండు సెన్సర్లు పెట్టి, గేజి రీడర్ పోస్టులే ఎత్తేశారు. అది తప్పని నేను అనను. రెండు సెన్సర్లు మంచివే. నన్ను అడిగి ఉంటే అవే పెట్టమనేవాణ్ణి.

పిల్లలూ, మీ దగ్గరికి వచ్చే యంత్రాలు నేను చూసినదానికన్నా వెయ్యి రెట్లు తెలివైనవి. వాడండి. కానీ దాని జవాబుతో మీ కింద పనిచేసేవాడి జవాబు రోజూ అంగుళం తేడా లేకుండా కలుస్తుంటే సంబరపడకండి. లేచి అతని దగ్గరికి వెళ్ళండి. నేను వెళ్ళలేదు.

ఉద్యోగం చివరి రోజుల్లో ఏదో పనిమీద ఆ కొండలకి వెళ్ళినప్పుడు అతని ఊరు వెతుక్కుంటూ పోయాను. పోస్టు పోయాక మిరియం తీగలూ కాఫీ మొక్కలూ వేసుకున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను పోల్చుకుని, మంచం వాల్చి, బెల్లం కాఫీ ఇచ్చాడు. ఆ రోజు గురించి ఎవరం ఎత్తలేదు. కాసేపయ్యాక అతనే అడిగాడు.

"ఇప్పుడు మిషన్లు రెండున్నాయంట కదా సారూ?"

"రెండున్నాయి."

"రెండింటికీ తేడా వత్తే ఎవులికి మెమో ఇత్తారు?"

అతను జవాబు కోసం అడిగినట్టు లేదు. నవ్వి, కాఫీ గ్లాసు అందుకుని లోపలికి పోయాడు.

నన్ను రోడ్డుదాకా సాగనంపడానికి వచ్చాడు. దారి ఏటి ఒడ్డునుంచే. సంచులు మోసుకుని ఇద్దరు ఆడవాళ్ళు దాటడానికి వచ్చి, నీళ్ళలో దిగకుండా ఒడ్డునే ఆగారు. వాళ్ళ భాషలో అతన్ని ఏదో అడిగారు. అతను నాలుగు అడుగులు కిందికి దిగి, నీటివైపు కాసేపు చూసి, చేత్తో మోకాలు కొలిచి చూపించాడు. వాళ్ళు చీరలు ఎగదోపుకుని దిగిపోయారు.

"రోజూ అడుగుతారా?" అన్నాను.

"ఏరు దాటినోళ్ళందరూ అడుగుతారు సారూ."

"మరి ఏం చెబుతావు?"

"సూసినంత సెప్తాను."